ఆంజనేయప్ప దాచుకున్న ఎముక

కన్నడ నాట ఉన్నా తెలుగు మాట్లాడే మా చింతామణిలో బొరుగుల అంగడి ఆంజనేయప్ప అంటే తెలియనివాళ్ళు తక్కువ. మా ఇంటికి ఎదురిల్లే. అరవై రెండేళ్ళ మనిషి, సన్నగా, పాతిన రాతి కంబంలా నిటారుగా ఉంటాడు. నలభై ఏళ్ళు బొరుగులు కొలిచి, అంగడి కొడుక్కి అప్పగించాక అతనికి మిగిలింది ఒక్కటే పని. పొద్దున ఐదున్నరకి సత్రం హాల్లో మాకు యోగా నేర్పించడం.

ఇది 2006 నాటి మాట. టీవీలో చూసి ఊరూరా జనం ముక్కులు మూసుకుని కూర్చుంటున్న రోజులు. ఆంజనేయప్ప మాత్రం టీవీ చూసి నేర్చుకున్నవాడు కాదు, ఆ మాట అంటే కోపం కూడా వస్తుంది. నలభై అయిదో ఏట నడుం పట్టేస్తే, కోలారులో ఉద్యోగం మానుకుని ఉన్న ఒక హిందీ మేష్టరు దగ్గరికి రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి నేర్చుకున్నాడు. నడుం బాగైంది. కానీ మనిషి మామూలుగా కూర్చోవడం మరిచిపోయాడు. ఎక్కడ కూర్చున్నా పద్మాసనమే. పెళ్ళి పంక్తిలో పద్మాసనం, క్షవరం అంగడి బెంచీ మీద పద్మాసనం. ఒకసారి ఏదో కాగితం కోసం పోయిన ఆఫీసులో కాళ్ళు లాగి నేలమీదే పద్మాసనం వేసి కళ్ళు మూసుకుంటే, ధర్నాకు కూర్చున్నాడనుకుని ముందుగా అతని పనే చేసి పంపించారట.

మేము పదకొండుమందిమి, అందరం యాభై దాటిన ఆడవాళ్ళం. ఒక్కరికీ పద్మాసనం రాదు. అతను వెనక నిలబడి, "అక్కయమ్మక్కా, వెన్ను! వెన్ను!" అని అరుస్తాడు.

"వెన్ను యాడికీ పోలేదప్పా, ఈడే ఉండాది" అంటాను నేను.

అలాంటి మనిషి శ్రావణమాసంలో ఒక సోమవారం, తరగతి జరిగిన గంటసేపూ ఒక్కసారి కూడా కూర్చోలేదు. మాతో శవాసనం వేయించి తాను కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకున్నారు కాబట్టి చూడలేదు. నేను శవాసనంలో ఎప్పుడూ ఒక కన్ను తెరిచే ఉంచుతాను, అందుకని చూశాను. నడిచేటప్పుడు వెనక పంచె మీద తడి మరక కూడా ఉంది.

మూడోరోజు పోతే సత్రం తలుపు మీద కన్నడంలో కాగితం అంటించి ఉంది. 'గురువుగారి అనారోగ్య కారణంగా తరగతులు లేవు.' రాసింది అతనే. తన్ను తాను గురువుగారని రాసుకునే మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

ఆ సాయంత్రం అతని భార్య రుక్మిణమ్మ వాకిట్లో ముగ్గుపిండి డబ్బా పట్టుకుని కనబడింది. నేను గబగబా వీధి దాటుకుని పోయాను.

"ఏమే రుక్కూ, చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోయొచ్చినారంట?"

"ఊ అక్కా."

"డాక్టరేమన్నాడు?"

ఆమె ఒకసారి ఇంటివైపు చూసి గొంతు తగ్గించింది. "ఏమో మూళె నొప్పంట అక్కా. మూడు నెలలు కింద కూసోకూడదంట." అంతే, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. కన్నడంలో మూళె అంటే ఎముక. అయిదేళ్ళప్పటినుంచీ కన్నడం మాట్లాడుతున్నదాన్ని, నాకు తెలియక కాదు. కానీ తెలుగు మాటల మధ్యలో గొణిగిన ఒక్క కన్నడ మాటను నా చెవి తెలుగుగానే పట్టుకుంది. మూలం నొప్పి అని విన్నాను. మూలమంటే మొలలని వేరే చెప్పనక్కరలేదు, ఎవరూ వాకిట్లో నిలబడి చెప్పుకోని జబ్బు. కింద కూర్చోకూడదు, భార్య గొంతు తగ్గించింది, తలుపు వేసుకుంది. అన్నీ సరిపోయాయి.

నేనేమీ ఊరంతా చాటలేదు. పుట్టమ్మకు ఒక్కదానికే చెప్పాను. పుట్టమ్మది పరగోడు పుట్టిల్లు, మా తరగతిలో నా పక్క చాప ఆమెదే.

"అయ్యో పాపం!" అంది పుట్టమ్మ. "ఆ మూలబంధం అంటూ రోజూ బిగించి బిగించే వచ్చింటాది అక్కా. మనల్ని కూడా బిగించమంటాడు కదా, నేను ఊరికే ముఖం బిగించి కూసుంటాంటిని. మంచిదైంది."

"ఎవురికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తాను?"

రెండురోజులకల్లా వీధి మొత్తానికి తెలిసింది. మా వీధివాళ్ళు మంచివాళ్ళు, ఏ జబ్బయినా నోటితో అడగరు, గిన్నెతో అడుగుతారు. మూలానికి కందగడ్డ, మజ్జిగ మందని అందరికీ తెలుసు. ఒక్కొక్కరూ కొంగు కింద కందగడ్డ పెట్టుకుని ఎదురింటికి పోవడం, చిన్న చెంబుతో మజ్జిగ పంపించడం మొదలైంది. ఎవరూ ఎందుకని చెప్పరు. 'మా తోటలో పండింది, తినండి' అంటారు. మా వీధిలో ఎవరికీ తోట లేదు.

వారం తర్వాత నేనూ ఒక గడ్డ తీసుకుని పోయాను. వంటింటి గోడవారగా తొమ్మిది కందగడ్డలు వరసగా ఉన్నాయి. రుక్మిణమ్మ నా చేతిలో పదోదాన్ని చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అక్కా, ఇంకొక్క కందగడ్డ ఈ గడప దాటితే నేను దిబ్బూరహళ్ళికి మా తమ్ముని ఇంటికి పోతాను. పొద్దున కందగడ్డ పులుసు, మధ్యాన్నం కందగడ్డ వేపుడు. గొంతు దురదతో చస్తాండాను. ఎముకకీ కందగడ్డకీ ఏమి సంబంధమని మీరంతా మోసుకొస్తాండారు?"

"ఎముకేంది?"

"మూళె అని చెప్పలేదా నేను?"

లోపలి గదిలోంచి ఆంజనేయప్ప గొంతు వినిపించింది. "రుక్కూ! చెప్పొద్దు!"

అప్పటికి ఆలస్యమైంది. నేను గదిలో ఉన్నాను. అతను మంచం మీద బోర్లా పడుకుని, గడ్డం కింద దిండు పెట్టుకుని రేడియో వింటున్నాడు. పక్కనే పెద్ద కవరు. ఎదుటివాళ్ళ కవరు నా చేతికి అందే దూరంలో ఉంటే ఏమవుతుందో అతనికి తెలుసు. లాక్కోబోయాడు, బోర్లా పడుకున్నవాడు ఎంత దూరం లాక్కుంటాడు? ఎక్స్‌రే తీసి కిటికీకి ఆనించాను. వెన్నుపూసలన్నీ బొరుగుల డబ్బాల్లా ఒకదాని మీద ఒకటి. అట్టడుగున కొక్కెంలా వంగిన చిన్న ఎముక, దాని పక్కన డాక్టరు గీసిన బాణం గుర్తు.

"ఇదేందప్పా?"

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"రుక్కూ, ఇదేందే?"

"కన్నడంలో బాలద మూళె అన్నాడు డాక్టరు" అంది రుక్మిణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని. "తెలుగులో నువ్వే చెప్పుకో అక్కా."

తెలుగులో చెప్పుకుంటే తోక ఎముక. నేను కిటికీ ఊచ పట్టుకుని నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను. అతను దిండులో ముఖం దాచుకున్నాడు.

"నవ్వు. నవ్వక్కా. ఇందుకే చెప్పొద్దంటిని. నా పేరేంది? మా నాయన ఆంజనేయప్ప అని పెట్టినాడు. నాకు తోక దగ్గర దెబ్బ తగిలిందంటే ఈ వీధి నన్ను బతకనిస్తాదా? ఆకుపూజ చేస్తారు. వడమాల తెచ్చి మెళ్ళో వేస్తారు. మీరందరూ మూలమనుకుంటాండారని నాకు తెలుసు. అనుకోనీ అని ఊరకుండినా. తోక కంటే మూలం మేలు!"

తర్వాత మెల్లగా ఎలా పడ్డాడో చెప్పాడు. ఆ సోమవారానికి ముందురోజు సత్రంలో పెళ్ళి. సోమవారం చీకటితోనే మాకంటే ముందుపోయి తాళం తీసి, దీపం వెయ్యకుండానే తన చోటికి నడిచాడు. ఎవరిదో ఆకులోంచి ఒలికిన పాయసం. కాలు జారి సరిగ్గా పద్మాసనానికి వాడే చోటే నేలకు కొట్టుకున్నాడట. లేచి, పంచె కడుక్కుని, మేము వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

"సరే, మూడు నెలలు గదా. గడిచిపోతాయిలే" అన్నాను.

అప్పుడు అతను తల ఎత్తాడు. "బైరప్ప వచ్చిపోయినాడక్కా." బైరప్ప సత్రం చూసుకునే మనిషి. "పొద్దున పూట హాలు ఖాళీగా ఉండాదని ఒక డ్యాన్సు మేష్టరు అడుగుతాండాడంట. ఒకటో తారీకు లోపల మనం మొదలుపెట్టకుంటే ఆయనకిచ్చేస్తాడంట. ఇచ్చుకోనీ. కూసోలేని గురువు యాడన్నా ఉండాడా?"

నేను ఏదో అనబోయాను. అతను రేడియో చెవి తిప్పి ఆపేశాడు.

"అంగడికి పోతే కొడుకు, 'నాయనా, నువ్వు ఇంట్లో ఉండకూడదా' అంటాడు. ఇంట్లో ఉంటే మీ రుక్కు, 'అట్ల అంగడిదాకా పోయి రాకూడదా' అంటాది. పొద్దున ఆ గంటొక్కటే నాది. ఆ గంటలో నేను చెయ్యెత్తమంటే పదకొండుమంది చెయ్యెత్తుతారు."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఒకటో తారీకుకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.

రెండురోజులకు అతను చిక్కబళ్ళాపురంలో వ్యాయామ చికిత్స చేసే అమ్మాయి దగ్గరికి పోవాలని తెలిసింది. నన్నెవరూ పిలవలేదు. నా మోకాలు కూడా చూపించుకోవాలని అప్పుడే గుర్తొచ్చింది, కూడా పోయాను. బస్సులో సీట్లన్నీ ఖాళీ. శిడ్లఘట్ట మీదుగా అంత దూరమూ అతను పైకంబి పట్టుకుని నిలబడే వచ్చాడు.

కండక్టరు మూడుసార్లు చెప్పాడు. "తాతా, సీటుండాది, కూసో."

"ఆయప్ప తాడాసనం చేస్తాండాడు, నువ్వు పోప్పా" అన్నాను నేను.

ఆ అమ్మాయి పేరు సహన, బాగేపల్లి పిల్ల. వయసు పాతిక దాటదు. ఆంజనేయప్ప ఆమె ముందు నిలబడి, పదిహేడేళ్ళ అభ్యాసం గురించి పది నిమిషాలు చెప్పాడు. ఆ పిల్ల అంతా విని, "అవునా తాతా? అయితే కుర్చీలోంచి లేసేది చూపించు" అంది. అతను పట్టుదలగా వెన్ను నిటారుగా పెట్టి లేవబోయి, "అమ్మా!" అన్నాడు.

"అది కాదు. ముందుకి వంగు. ముక్కు మోకాలు దాటి ముందుకి రానీ. ఇప్పుడు లెయ్యి."

ముందుకి వంగితే నొప్పి లేకుండా లేవగలిగాడు. వంగొద్దు వంగొద్దని మమ్మల్ని ఏళ్ళతరబడి తిట్టిన మనిషి! నేను పైకప్పు ఫ్యాను చూస్తూ కూర్చున్నాను.

ఏది చెయ్యచ్చో ఏది చెయ్యకూడదో సహన ఒక్కొక్కటీ చేయించి చెప్పింది. నిలబడి చేసేవన్నీ చెయ్యచ్చు. మోకాళ్ళూ అరచేతులూ నేలకానించి పిల్లిలా వీపు పైకీ కిందికీ కదపచ్చు. బోర్లా పడుకుని భుజంగాసనం, అదీ సగమే. వెల్లకిలా శవాసనం బదులు పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. నావాసనం వద్దు, వీపు మీద దొర్లేవి వద్దు, గట్టినేల మీద కూర్చోవడం అసలే వద్దు. కూర్చోవలసివస్తే కింద మెత్తటిది ఉండాలి, ఆ ఎముక దేనికీ తగలకూడదు, కొంచెం ముందుకి వాలాలి. ఏది చేసినా నొప్పి లేస్తే అక్కడే ఆపాలి.

ఆంజనేయప్ప అన్నిటికీ తలూపి ఒక్కటే అడిగాడు. "పద్మాసనం ఎప్పుడమ్మా?"

"దెబ్బ తగిలిన ఎముకనే అడుగు తాతా. అదే చెప్తాది."

నా మోకాలి సంగతి అడగడం నేను మరిచేపోయాను.

తిరిగొస్తూ మందులషాపులో గాలి నింపే రబ్బరు చక్రం కొన్నారు. ఇంటికొచ్చి అతను దాని మీద కూర్చోగానే అది పెద్ద శబ్దం చేసింది. ఎలాంటి శబ్దమో నేను రాయను. అప్పుడే మజ్జిగ చెంబుతో వచ్చిన పక్కింటి కోడలు, ముఖం తిప్పుకుని, "అత్తమ్మ పంపించింది" అని చెంబు అక్కడే పెట్టి పరుగెత్తింది. మూలం కబురుకు అది సాక్ష్యమైపోయింది. అతను ఆ చక్రాన్ని అటక మీదికి విసిరేశాడు.

ఆ సంగతి పుట్టమ్మకు చెబుతుంటే ఆమె నవ్వలేదు, ఆలోచించింది.

"దానికి రబ్బరెందుకక్కా? సింబి చాలదా?"

సింబి అంటే నీళ్ళకుండ మోసేటప్పుడు తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట. పరగోడులో పుట్టమ్మ పెళ్ళయ్యేదాకా రెండు కుండల కింద సింబి పెట్టుకుని నడిచింది. ఇప్పటికీ పాతచీర చేతిలో పడితే ఆమె వేళ్ళు దాన్ని వాటంతట అవే మెలిపెడతాయి. రెండు పాత నూలుచీరలు తీసి, కాలిబొటనవేలికి ఒక కొస తగిలించి, తాడు పేనినట్టు పేని, చక్రంలా చుట్టి అరగంటలో పెద్ద సింబి చేసింది. పదిమంది కుండలకు చాలేటంత.

దాన్ని చూసి ఆంజనేయప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు. "తలమీద పెట్టుకునేదాని మీద కూసోమంటావా?"

"నీకు బరువు యాడుంటే ఆడ పెట్టుకో అన్నా" అంది పుట్టమ్మ.

కూర్చున్నాడు. ముఖం చిట్లించాడు. "ఎనక అంచు సరిగ్గా ఆడనే తగుల్తాండాది."

సహన చెప్పింది నాకు జ్ఞాపకం ఉంది, ఆ ఎముక దేనికీ తగలకూడదు. పుట్టమ్మా నేనూ సింబి వెనకవైపు ముడి విప్పి, రెండు కొసలనూ విడదీసి గుర్రపు లాడంలా చేసి దారంతో కుట్టాము. మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి ముఖం చిట్లించలేదు. కాళ్ళు మడవకుండా, పక్కలకు వదులుగా పెట్టుకుని, కొంచెం ముందుకి వాలి, పదినిమిషాలు అలాగే ఉన్నాడు. మూడువారాల తర్వాత మొదటిసారిగా మనిషి స్థిమితంగా కూర్చున్నాడు. రుక్మిణమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకున్నది చూసి కందగడ్డ తరుగుతోందేమో అనుకున్నాను, చేతిలో ఏమీ లేదు.

"ఇంకేమప్పా, రేపు తరగతికి పోదాం" అన్నాను.

"దీంతోనా? అందరి ముందరా?"

"దీంతోనే."

"మూడు నెలలు అయినాక చూస్తాము."

"మూడు నెలలకి ఆ హాల్లో గజ్జెలు మోగుతాంటాయి. నువ్వు ఇదే మంచం మీద బోర్లా పడుకుని వినచ్చు. బాగా వినిపిస్తాది, సత్రం దగ్గరే కదా."

నేను నోరు కాస్త ఎక్కువ వాడానేమో అనిపించింది. అతను లేచి సింబిని చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు మోకాలు దాటేలా ముందుకి వంగే లేచాడు.

నెలాఖరుకు ముందురోజు పొద్దున, పదకొండుమందిమీ వచ్చాము. పదిమందిని నేనే ఇల్లిల్లూ తిరిగి లేపుకొచ్చాను. ఆంజనేయప్ప సింబిని చంకలో పెట్టుకుని వచ్చాడు. ముందుగా హాలంతా దీపం వేసి, పాదంతో నేల రాసి రాసి చూశాడు. తర్వాత మా ముందు సింబి పెట్టుకుని, దాని మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మీరందరూ కందగడ్డలు పంపించినారు. సంతోషం. నాకు మూలం లేదు. ఈ సత్రంలో పాయసం మీద జారి తోక ఎముకకు దెబ్బ తగిలింది. నా పేరు ఆంజనేయప్ప. ఇప్పుడు ఎంత నవ్వుకుంటారో నవ్వుకోండి. అయిదు నిమిషాలు ఇస్తాను."

అయిదు నిమిషాలు చాలలేదు. ఒకామె గోడకానుకుని జారిపోయింది. పుట్టమ్మ, "అన్నా, లంకకి ఎప్పుడు పోతావు?" అంది. ఎవరో వెనకనుంచి, "పేరు పెట్టినప్పుడే తోకకి కూడా పేరు పెట్టుండాల్సింది" అంది. అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అన్నీ విన్నాడు. ఒకటి రెండుసార్లు మీసం కింద తనకూ పెదవి కదిలింది, నేను చూశాను.

"అయిందా? ఇప్పుడు లెయ్యండి. ఈ రోజునుంచి కూసునేది తక్కువ. మోకాళ్ళు బాగలేనోళ్ళు గోడ పట్టుకోండి. నేనూ పట్టుకుంటాను."

ఆ రోజు తరగతి వింతగా నడిచింది. ఎవరినీ వెన్ను అని అరవలేదు. నా పక్కకు వచ్చి, "అక్కా, నొప్పిగా ఉండాదా? ఉంటే ఆడనే ఆపు" అన్నాడు. పన్నెండేళ్ళలో అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అంతవరకూ చెప్పడమేగానీ అడగడం లేదు.

అందరం మోకాళ్ళ మీదా చేతుల మీదా వంగి, వీపు పైకెత్తి కిందికి దించుతున్నాము. అతనూ మా ముందు అలాగే ఉన్నాడు. తలుపు దగ్గర తాళాల గుత్తి చప్పుడైంది. బైరప్ప. లోపలికి తొంగి చూశాడు. మనుషుల ముఖాలు ఒక్కటీ కనబడలేదు, పన్నెండు వీపులు మాత్రం లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"ఆంజినప్పా! యాడుండావు? డ్యాన్సు మేష్టరు బయట నిలబడుకోనుండాడు. ఏమి చెప్పేది?"

ఆంజనేయప్ప లేవలేదు. అదే భంగిమలో, తల మాత్రం తిప్పి, ఊపిరి పూర్తిగా వదిలాక జవాబిచ్చాడు.

"సాయంత్రం ఇయ్యి బైరప్పా. పొద్దున మాది."